ఎనిమిది సాంచెల పాత కంప్యూటర్

కంప్యూటర్ పనిలో కొత్తగా చేరి, ఒక్క కమాండుతో ఏదో ఒకటి పాడుచేసి, రెండు రోజులు అన్నం సయించక తిరిగిన పిల్లలెవరైనా ఉంటే ఇది వాళ్ళ కోసం రాస్తున్నాను. ఇంకా ఏదీ పాడుచేయని వాళ్ళు కూడా చదవవచ్చు. మీ వంతు రాలేదు, అంతే.

నేను సూరత్‌లో ఒక జకార్డ్ కార్ఖానాలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి ఈ మధ్యనే రిటైరయ్యాను. ఇంజనీరును కాను. పదో తరగతి పాసై, పెళ్ళి చేసుకుని, సిరిసిల్ల దిక్కు నుంచి సూరత్‌లోని నవాగామ్‌లో ఒక గది ఇంట్లోకి వచ్చిపడిన మనిషిని. అప్పట్లో జకార్డ్ డిజైన్ అంటే అట్టలు. బట్టలో ఒక్కో వరుసకు ఒక్కో అట్ట, ఏ పోగు పైకి లేవాలో అక్కడ ఒక చిల్లు. ఆ చిల్లులు కొట్టే పనిలో చేరాను. ఒక్క చిల్లు తప్పు పడితే చీర పొడవునా ఏ నెమలికీ మెడ ఉండేది కాదు. తర్వాత అట్టలు పోయి కంప్యూటర్ వచ్చింది. చిల్లులు అర్థమైన మనిషికి ఇదీ అర్థమవుతుందని మా యజమాని శేఠ్ నన్ను దాని ముందు కూర్చోబెట్టారు. దాన్ని బిగించడానికి వచ్చిన మనిషి పది రోజులుండి నేర్పాడు. కమాండులన్నీ తెలుగు అక్షరాల్లో నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఆయన వెళ్ళిపోయాడు, కొన్నేళ్ళకు ఆయన కంపెనీ కూడా మూతపడింది. నేనూ, ఆ కంప్యూటరూ మిగిలాం.

మరమగ్గాన్ని మావాళ్ళు సాంచె అంటారు. మా కార్ఖానాలో పాత జకార్డ్ సాంచెలు ఎనిమిది. వాటికి డిజైన్లు పంపేది ఈ ఒక్క కంప్యూటరే. దాని లోపల ఒక కార్డు, ఆ కార్డును నడిపే ఒక డ్రైవర్ ఉన్నాయి. ఆ డ్రైవర్ అప్పట్లో దానిలో వేసిన పాత లినక్స్ సిస్టమ్ మీద తప్ప ఇంకే లినక్స్ మీదా పనిచేయదు. తిరగరాద్దామంటే దాన్ని మొదట రాసిన సోర్సు లేదు, అడుగుదామంటే కంపెనీ లేదు. అందుకని లోకమంతా కొత్త సిస్టమ్‌లకు మారుతూ పోతుంటే మాది మాత్రం మడి కట్టుకుని ఉన్నచోటే ఉండిపోయింది. నాకు దానితో పేచీ లేదు. పనిచేస్తున్న దాన్ని కెలకడం నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు. కనీసం అలా అనుకునేదాన్ని.

ఆ సాంచెలను బాగుచేసే మనిషిని జాపర్ అంటాం. మా జాపర్ నాకంటే ఏడాదో రెండేళ్ళో పెద్ద, నవాగామ్‌లో మా గల్లీనే. నన్ను ఈ కార్ఖానాకు తీసుకొచ్చి పనిలో పెట్టించింది ఆయనే. అన్నా అని పిలిచేదాన్ని, చెల్లె అనేవాడు. మాట తక్కువ మనిషి. సాంచె చప్పుడు వింటూనే ఏ బోల్టు వదులైందో చెప్పేవాడు. డిజైన్లు గీసే అమ్మాయి ఆల్థాన్ నుంచి స్కూటర్ మీద వచ్చేది. మా తెలుగు పిల్లే, కానీ సూరత్‌లోనే పుట్టిపెరిగింది కాబట్టి ఒక్క వాక్యంలో మూడు భాషలు కలిపేది. ఇక నేను. నాకు నోరెక్కువ అని కార్ఖానాలో అందరికీ తెలుసు. శేఠ్ కూడా నా గదిలోకి వచ్చే ముందు తలుపు దగ్గర ఒకసారి దగ్గేవారు.

సూరత్‌లో డిజైన్ దొంగతనం కొత్త సంగతి కాదు. పొద్దున ఒక కార్ఖానాలో పడిన పువ్వు సాయంత్రానికి నాలుగు గల్లీల అవతల ఇంకొకరి బట్ట మీద కనిపిస్తుంది. మా దగ్గర ఎక్కువగా బట్ట తీసుకునే వ్యాపారికి ఇలా రెండుసార్లు దెబ్బ తగిలింది. దాంతో ఒక షరతు పెట్టాడు. ఇకనుంచి పెన్‌డ్రైవ్‌లు వద్దు, మధ్యలో ఇంకో కంప్యూటర్ వద్దు. వాళ్ళ సర్వర్ నుంచి డిజైన్ నేరుగా సాంచెలు నడిపే కంప్యూటర్లోకే దిగాలి. నెల తర్వాత ఒక సోమవారం వాళ్ళ మనిషి వచ్చి, తన కళ్ళ ముందు డిజైన్ దిగి, బట్టగా బయటికి రావడం చూస్తాడు. వస్తే పని మాకు, రాకపోతే ఇంకొకరికి.

వాళ్ళ సర్వర్ కొత్త రకం తాళం వేసుకుని కూర్చుంది. మా పాత కంప్యూటర్ దగ్గరున్నవి పాత తాళంచెవులు. తలుపు తట్టగానే మొహం మీదే మూసేసేది.

శేఠ్ నన్నూ జాపర్ అన్ననూ పిలిచి ఉన్న సంగతి హిందీలో చెప్పేశారు. "బెన్, ఇది కాకపోతే ఈ ఎనిమిదీ భంగార్‌కు పోతాయి. వాటర్‌జెట్ పెట్టేస్తాను. నాకూ వేరే దారి లేదు." బెన్ అంటే గుజరాతీలో అక్క, భంగార్ అంటే పాత ఇనుము. వాటర్‌జెట్ అంటే నీటి ధారతో నేసే కొత్త రకం సాంచెలు. వాటి మీద మా జకార్డ్ పనితనానికి చోటు లేదు. వాటిని కంపెనీ మెకానిక్కులు చూసుకుంటారు. అరవైకి దగ్గరపడుతున్న జాపర్‌ను, అదీ ఈ పాత జకార్డులు తప్ప వేరే పట్టని మనిషిని, ఇంకెవరూ పనిలో పెట్టుకోరు. అన్న ఆ మాట విని తలూపి, చేతిలోని పానా తుడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. నాకు రెండేళ్ళలో రిటైర్మెంటు ఉంది, నా సంగతి ఎలాగో గడుస్తుంది. భయమంతా ఆయన గురించే.

చేయాల్సిన పని వినడానికి చిన్నదే. తాళాల సంగతి చూసుకునే లైబ్రరీ ఒకటి, ఫైళ్ళు దింపే ప్రోగ్రామ్ ఒకటి, రెండూ ఎవరైనా ఉచితంగా తీసుకోగలిగినవే. వాటి కొత్త వెర్షన్లను ఆ పాత కంప్యూటర్ మీద కంపైల్ చేసుకోవాలి, అంటే సోర్సు నుంచి నడిచే ప్రోగ్రామ్‌గా తయారుచేసుకోవాలి. వేరే కొత్త కంప్యూటర్ మీద తయారుచేసి తెద్దామంటే, కొత్త చోట తయారైనది పాత చోట లేవదు. కాబట్టి దాని మీదే తయారు కావాలి.

మొదలుపెట్టాను. లైబ్రరీ నాకు పెర్ల్ అనే ఇంకో ప్రోగ్రామ్ కొత్తది కావాలంది. పెర్ల్ కంపైల్ చేశాను. నీ కంపైలర్ పాతది, కొత్తది తెమ్మంది. ఆ కంపైలర్ ముందు మూడు లెక్కల లైబ్రరీలు పెట్టమంది. పెళ్ళికి ఒకరిని పిలిస్తే వాళ్ళు నలుగురిని వెంటబెట్టుకొచ్చినట్టు తయారైంది నా పరిస్థితి. ఒక్క కంపైలరే రెండు రోజులు తిన్నది, చివర్లో తప్పు చూపించి మళ్ళీ మొదటికొచ్చింది. మూడు వారాలు ఇలాగే గడిచాయి. ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఏది తీసుకున్నా అన్నిటికంటే కొత్త వెర్షనే కావాలని పట్టుబట్టాను. పాతికేళ్ళు పాతదానితో కాపురం చేసిన మనిషిని కదా, కొత్తది అనేసరికి యావ పుట్టింది. రెండు మెట్లు కింది వెర్షన్ మా పనికి సరిపోతుందేమోనన్న ఆలోచనే రాలేదు.

సోమవారం ఇంకా రెండు రోజులుందనగా నాకు ఓపిక చచ్చిపోయింది. ఇంటర్నెట్‌లో ఎవరో తయారుచేసి పెట్టిన ప్రోగ్రామ్‌ను దింపి నడిపించాను. నీ లిబ్‌సి పాతది, నేను నడవను అంది. లిబ్‌సి సంగతి తెలియని వాళ్ళకు ఒక్క ముక్క చెబుతాను. ఆ సిస్టమ్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆనుకుని నిలబడే లైబ్రరీ అది. అయితే లిబ్‌సినే మార్చేస్తే పోలా అనుకున్నాను. ఇది చదువుతున్న వాళ్ళలో కొందరు ఇక్కడ నెత్తి కొట్టుకుంటారని నాకు తెలుసు. కొట్టుకోండి.

ఆదివారం కార్ఖానాకు సెలవు. సాంచెలన్నీ ఆగి ఉన్నాయి కాబట్టి ఇదే మంచి సమయమని పొద్దున్నే వెళ్ళాను. అన్న అప్పటికే వచ్చి ఉన్నాడు. మొదటి సాంచె మీద పడుగు పోగులు చుట్టిన పాత బీము అయిపోయింది, కొత్త బీము ఎక్కించి దాని పోగులను, అచ్చు అనే దువ్వెనలో మిగిలిన పాత పోగుల కొసలకు ఒక్కొక్కటే ముడివేస్తున్నాడు. మావాళ్ళు వైపని అంటారు. వేల పోగులు. నిన్న మొదలుపెట్టినట్టున్నాడు, సగానికి పైగా అయిపోయింది. డిజైనర్ అమ్మాయి కూడా నమూనా రంగులు చూడటానికి వచ్చింది.

కొత్త లిబ్‌సి కంపైల్ కావడానికే రెండుసార్లు మొరాయించింది. ఈ సిస్టమ్‌కు ఇది తగదని మొదట్లోనే ఒక హెచ్చరిక చూపించింది. ఎక్కడ నొక్కాలో అక్కడ నొక్కి దాని నోరు మూయించాను. అంత కష్టపడి నోరు మూయించినప్పుడైనా, అది ఎందుకు మొత్తుకుంటోందో చదివి ఉండాల్సింది. పదకొండు గంటలకు ఇన్‌స్టాల్ కమాండు కొట్టాను. వరుసలు గబగబా పరిగెత్తాయి, సగంలో ఆగిపోయాయి. ఏమైందో చూద్దామని ఫైళ్ళ పేర్లు చూపించే మామూలు కమాండు కొట్టాను. "కెర్నల్ మరీ పాతది" అని ఒక్క ముక్క చెప్పి చచ్చిపోయింది. కాపీ కమాండు కొట్టాను. అదే మాట. తేదీ అడిగాను. అదే మాట. నేను తెచ్చిపెట్టిన కొత్త లిబ్‌సికి మా సిస్టమ్ గుండెకాయ, ఆ పాత కెర్నల్, ఆనలేదు. దాని మీద ఆనుకున్న ప్రతి ప్రోగ్రామూ ఒక్కసారిగా కూలబడింది.

బ్యాకప్ లేదా అంటారు. డిజైన్లకు ఉంది, సిస్టమ్‌కు లేదు. ఆ డ్రైవర్ పెట్టుకునే సీడీ గీతలు పడి పాడై చాలా ఏళ్ళయింది. నా చేతిలో మిగిలింది కమాండులు కొట్టే, తెరిచి ఉన్న ఒక్క టెర్మినల్ కిటికీ. అది ముందే నడుస్తోంది కాబట్టి ఇంకా బతికి ఉంది. దాన్ని మూస్తే మళ్ళీ తెరుచుకోదు. కంప్యూటర్ ఆపితే మళ్ళీ లేవదు. డిజైనర్ అమ్మాయితో, "మౌస్ మీద చెయ్యి వేసినవో, ఊకోను" అన్నాను. పాపం, ఆ అమ్మాయి మౌస్‌కు మూడడుగుల దూరంలో ఉంది.

సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర దగ్గు వినిపించింది. సెలవు రోజైనా దేవుడి పటం ముందు దీపం పెట్టడానికి శేఠ్ వస్తారు. లోపలికి వచ్చి తెర వైపు చూశారు. ఇంగ్లీషు రాకపోయినా, ఒకే వాక్యం పదిసార్లు కనిపిస్తే అది శుభం కాదని ఎవరికైనా తెలుస్తుంది.

"అటక్ గయా క్యా, బెన్? బంద్ కర్‌కే చాలూ కరో నా" అంటూ గోడ మీది స్విచ్చు వైపు చెయ్యి చాచారు. ఆగిపోయిందేమో, ఆపి మళ్ళీ వేయమంటున్నారు. ఆయన దగ్గర ఫ్యాన్ నుంచి ఫోన్ దాకా అన్నిటికీ అదే వైద్యం.

నేను లేచి స్విచ్చుకూ ఆయనకూ మధ్య నిలబడ్డాను. నిజం చెబితే ఆయన ఆ నిమిషంలోనే భంగార్ వాడికి ఫోన్ చేస్తారని భయం. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. ఏం చేయాలో తోచక నవ్వాను.

"శేఠ్‌జీ, ఎండలో వచ్చారు. పక్క దుకాణంలో కూర్చోండి, అల్లం వేసిన చాయ్ చెబుతాను. ఇదొక గంట పడుతుంది" అన్నాను. ఇంత తీయగా నా గొంతు ఎప్పుడు మాట్లాడిందో నాకే గుర్తు లేదు. ఆయన నా ముఖం ఒకసారి, స్విచ్చు ఒకసారి చూసి, "అచ్ఛా, అచ్ఛా" అంటూ వెళ్ళిపోయారు.

ఆయన పోయాక, సాంచెల దగ్గరికి నడిచి, అన్న పక్కన బోర్లించిన డబ్బా మీద కూలబడ్డాను. ఆయన చేతులు ముడులు వేస్తూనే ఉన్నాయి.

"ఏందే చెల్లె, మొఖం గట్ల పెట్టినవ్?"

"అన్నా, నీ సాంచెలను నేనే బంద్ చేసిన."

"ఎట్ల?"

"దాని లోపట అన్ని ప్రోగ్రాములు ఒక్కదాని మీదనే ఆనుకొని ఉంటయి. అది పాతదైందని దాని జాగల కొత్తది పెట్టిన. ఇప్పుడు ఒక్కటి సుత లేస్తలేదు. రేపు వాళ్ళ మనిషి వస్తడు."

తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే నాకూ కొంచెం హాయిగా ఉండేది. ఆయన మాత్రం ఒక ముడి వేసి, ఇంకో పోగు అందుకుంటూ అడిగాడు.

"పాత పోగులు అచ్చులకెళ్లి గుంజేసినవా?"

"అంటే?"

"నువ్వు గీ పని చేసే ఇంట్ల పుట్టినదానివే గదనే. పాత పోగుల కొసలు అచ్చుల ఉంటెనే గద, కొత్తవాటిని ముడేసి ఇవుతలికి గుంజుకునేది. అవి గుంజి పారేస్తె మల్ల ఒక్కొక్క పోగు అచ్చుల జొప్పియ్యాలె. నాలుగు దినాలు పడ్తది. జర సోంచాయించు. పాతది ఆడ్నే ఉన్నదా, పారేసినవా?"

పారేశానా? ఆలోచించాను. ఇన్‌స్టాల్ సగంలోనే ఆగిపోయింది. పాత లిబ్‌సిని చెరిపే దాకా అది పోలేదు. నేను మార్చింది పేర్లు మాత్రమే, అంటే ఫలానా పేరుతో అడిగితే ఈ కొత్త ఫైలు దగ్గరికి పొమ్మని చూపించే గుర్తులు. పాత ఫైలు పక్కనే ఉండి ఉండాలి. లేచి ఒక్క ఉరుకు ఉరికాను. వెనక నుంచి, "జర నిమ్మలం, పడ్తవ్!" అని అన్న అరిచాడు.

ఏ కమాండూ పనిచేయకపోయినా, ఆ టెర్మినల్‌కు తన సొంత మాటలు కొన్ని ఉంటాయి. అవి ఎవరి మీదా ఆధారపడవు. అందులో ఒకటి మనం చెప్పిన మాటను తిరిగి పలికేది. దానితోనే అడిగితే ఫోల్డర్లో ఉన్న పేర్లన్నీ తెర మీద పరిచింది. కళ్ళు చికిలించి చూశాను. కొత్త లిబ్‌సి పక్కనే పాత లిబ్‌సి. పారేయలేదు. ప్రాణం లేచొచ్చింది.

ఇక ఆ గుర్తును పాతదాని వైపు తిప్పాలి. తిప్పే కమాండు కూడా చచ్చిపోయిన వాటిలోదే. డిజైనర్ అమ్మాయి అప్పటికే తన ఫోన్‌లో వెతుకుతోంది. నేను చెప్పకుండానే తెర మీది వాక్యాన్ని చూసి చూసి కొట్టింది.

"అక్కా, ఏక్ మినిట్. ఈడ ఒకాయన సేమ్ ఇట్లనే చేసిండంట. పదిహేను సాల్ పెహలే రాసిండు. ఎస్ ఎల్ ఎన్ అని ఒక చిన్న కమాండ్ ఉంటదంట, వో కిసీ పే డిపెండ్ నహీ కర్తా."

"ఏ ఫోల్డర్ల ఉంటదంట?"

చెప్పింది. చూశాను. ఉంది. పాతికేళ్ళుగా ఆ కంప్యూటర్లోనే ఉంది, ఒక్కరోజు కూడా నా కంట పడలేదు. గుర్తులు తిప్పడం తప్ప ఇంకో పని తెలియదు దానికి. దానికి కావలసిన సరంజామా అంతా దాని కడుపులోనే ఉంటుంది, లిబ్‌సి ఉన్నా లేకపోయినా నడుస్తుంది. ఎవరో, ఏ దేశంలోనో, నాలాంటి తెలివితక్కువ మనిషి ఒకరోజు ఈ పని చేస్తుందని ముందే ఊహించి, దాన్ని అక్కడ పెట్టి పోయారు. నన్ను కన్నవాళ్ళు కూడా నా గురించి అంత ముందుచూపుతో ఆలోచించలేదు.

ఒక్కో అక్షరం నేను కొడుతుంటే ఆ అమ్మాయి ఫోన్‌లో చూసి పైకి చదివింది. ఎంటర్ నొక్కే ముందు ఇద్దరం మూడుసార్లు సరిచూసుకున్నాం. నొక్కాను. ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడమే మంచి శకునం. ఇంకో గుర్తు తిప్పాను. ఇంకోటి. ఏడో ఎనిమిదో తిప్పాక, ఫైళ్ళ పేర్లు చూపించే ఆ మామూలు కమాండు మళ్ళీ కొట్టాను.

పేర్లు వచ్చాయి. తెర నిండా, నాలుగు వరుసల్లో, ఎప్పట్లాగే వచ్చాయి. నేనూ ఆ అమ్మాయీ కుర్చీల్లోంచి లేచి ఒకరినొకరం కావలించుకున్నాం. అంతకు గంట ముందు ఆ అమ్మాయిని కసిరిన సంగతి ఇద్దరం మర్చిపోయాం.

అక్కడితో ఆగి ఇంటికి పోయి పడుకోవాలనిపించింది. కానీ పని అలాగే ఉంది, గడువు తెల్లారితే. అన్న మాట మాత్రం చెవిలో తిరుగుతోంది. పాతదాన్ని ఉన్నచోటే ఉండనిచ్చి, కొత్తదాన్ని దానికి ముడివేయాలి. ఒక కొత్త ఫోల్డర్ తెరిచాను. ఈసారి మరీ కొత్తది కాకుండా, వాళ్ళ సర్వర్ ఒప్పుకునేంత కొత్తదీ, మా పాత లిబ్‌సి మోయగలిగేంత పాతదీ అయిన వెర్షన్ వెతికి పట్టుకున్నాను. ముందు వారాల్లో కంపైల్ చేసిన పెర్ల్ అక్కరకొచ్చింది. కొత్త కంపైలర్ అవసరమే పడలేదు. లిబ్‌సి అంతకన్నా పడలేదు. నేను కంప్యూటర్‌ను చంపబోయింది అక్కర్లేని దాని కోసమన్నమాట. తయారైన లైబ్రరీని, ఫైళ్ళు దింపే ప్రోగ్రామ్‌ను ఆ ఫోల్డర్లోనే పెట్టి, నీకు కావలసినవి ఇక్కడే వెతుక్కో, బయట వేటినీ ముట్టుకోకు అని దానికి కంపైల్ చేసేటప్పుడే చెప్పాను. పాత సిస్టమ్‌లో ఒక్క ఫైలు కదల్లేదు.

మూడున్నరకు వాళ్ళ సర్వర్‌ను పిలిచాను. ఈసారి తలుపు మూయలేదు. కానీ వాళ్ళ సర్వర్ చూపించిన సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదు అంది నా ప్రోగ్రామ్. పది నిమిషాలు తల పట్టుకున్నాక తెలిసింది, మా కంప్యూటర్ గడియారం రెండేళ్ళు వెనకబడి ఉంది. తేదీ సరిచేశాను. డిజైన్ దిగింది. మామిడిపిందెల అంచు, మధ్యలో చిన్న చిన్న బుటాలు. దాన్ని మొదటి సాంచెకు పంపి, "అన్నా, వచ్చిందే!" అని గట్టిగా కేక పెట్టాను. ఆగి ఉన్న కార్ఖానా కాబట్టి మూల మూలకూ వినిపించింది. అన్న చివరి వంద ముడుల్లో ఉన్నాడు. "ఆఁ, విన్న" అన్నాడు, తలెత్తకుండా.

సోమవారం వ్యాపారి మనిషి వచ్చాడు. అతని కళ్ళ ముందే డిజైన్ దింపాను, అన్న సాంచె నడిపించాడు. ముడులన్నీ ఒక్కటీ తెగకుండా అచ్చు దాటి వచ్చాయి, వెనకే మామిడిపిందెలు వచ్చాయి. అతను బట్ట తిరగేసి, వేలితో రాసి చూసి, తలూపి, చాయ్ తాగి వెళ్ళిపోయాడు. మూడు వారాల నా నరకానికి అతను ఇచ్చిన సమయం ఇరవై నిమిషాలు.

అతను వెళ్ళాక శేఠ్ దగ్గరికి పోయి, నిన్న జరిగింది మొత్తం చెప్పేశాను. దాచుకోవడం నా వల్ల కాలేదు. ఆయన ఆశ్చర్యపోలేదు.

"నిన్న మీరు నన్ను చాయ్ తాగమన్నారు బెన్. ఇన్నేళ్ళలో మొదటిసారి. అప్పుడే అనుకున్నా, ఏదో కాలిపోయిందని" అన్నారు హిందీలో.

"మరి అడగలేదేం?"

"అడిగితే మీరు దాన్ని బాగుచేసేవారు కాదు, నాతో కొట్లాడేవారు."

ఆ ఏడాదికి ఆ ఎనిమిది సాంచెలకూ పని దొరికింది, తర్వాతి ఏడాదికి కూడా. ఇప్పటికీ నడుస్తున్నాయి.

అయితే నేను చెప్పాలనుకున్నది ఇది కాదు. ఆ సోమవారం మధ్యాహ్నం అన్నాలు తినేటప్పుడు, జాపర్ అన్న తన ఫోన్ తీసి డిజైనర్ అమ్మాయి ముందు పెట్టాడు.

"బిడ్డా, ఇది రద్దు చెయ్యాలంటె ఏడ ఒత్తాలె?"

ఆ అమ్మాయి చదివింది. రైలు టికెట్. బుధవారం, సూరత్ నుంచి వరంగల్‌కు, ఆయనకూ ఆయన భార్యకూ.

"కాకా, నీదీ కాకీదీ హై నా? రిటర్న్ టికెట్ ఏది?"

"రిటర్న్ చేయించలే."

"క్యూఁ? ఊళ్ళ ఏమన్న ఫంక్షనా?"

"ఫంక్షన్ లేదు, ఏం లేదు. జర రద్దు చెయ్యి బిడ్డా, సాంచె ఆగి ఉన్నది."

నేను ఆ ఫోన్ లాక్కుని చూశాను. శేఠ్ భంగార్ మాట అన్న మర్నాడు చేయించిన టికెట్ అది. తిరిగి రాని టికెట్. ఎవరికీ చెప్పలేదు. అది జేబులో పెట్టుకునే, సెలవు రోజున వచ్చి, భంగార్‌కు పోతుందనుకున్న సాంచెకు వేల ముడులు వేశాడు. అది జేబులో ఉండగానే, నీ సాంచెలను నేనే ఆపేశానని నేను చెప్పినప్పుడు, పాతది ఉందా పారేశావా అని నిమ్మళంగా అడిగాడు.

"పోయేటోనివి, మల్ల ఆ బీము ఎవరికోసం అతికినవన్నా?" అన్నాను.

"పాత బీము దిగింది గదనే. అతకకుంటె ఎట్ల?" అన్నాడు, అదేదో అడగకూడని ప్రశ్న అయినట్టు.

రద్దయిందని మెసేజ్ వచ్చింది. అన్న ఫోన్ జేబులో వేసుకుని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. నాకు ఇక ఆగలేదు. డబ్బాలో అన్నం అలాగే ఉంచి, అందరి ముందూ భోరుమని ఏడ్చాను. అన్న నల్లా కట్టేసి, తడి చేతులతో వెనక్కి తిరిగి చూశాడు.

"ఇప్పుడెందుకే ఏడుపు? నిన్న ఏడ్వాల్సింది గద" అన్నాడు.